ఆఫీసు వేళల్లో పురుగు

బోదకాలు తెచ్చే పురుగుకి ఒక అలవాటుంది. మనిషి మేలుకుని తిరుగుతున్నంతసేపూ దాని పిల్లలు ఊపిరితిత్తుల దగ్గర రక్తనాళాల్లో ఎక్కడో నక్కి ఉంటాయి. మనిషి పడుకుని, వీధి సద్దుమణిగి, దోమలు భోజనానికి బయల్దేరే వేళకి, అంటే రాత్రి పది దాటాక, తాపీగా చర్మం కిందికి వచ్చి షికారు మొదలుపెడతాయి. తెల్లవారేసరికి మళ్ళీ లోపలికి పోతాయి. ఇందులో వాటి తప్పేమీ లేదు. దోమ కడుపులో పడితే తప్ప వాటికి భవిష్యత్తు లేదు, ఆ దోమేమో రాత్రిపూటే వస్తుంది.

డాక్టర్ గుత్తుల సత్యవేణి ఈ పురుగు కోసం పద్దెనిమిదేళ్ళుగా రాత్రిళ్ళు తిరుగుతోంది. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు అమ్మాయి రాత్రిపూట ఏం చేస్తుందని అడిగితే, ఊళ్ళోవాళ్ళ వేళ్ళు సూదితో పొడుస్తుందని వాళ్ళ నాన్న ఉన్నదున్నట్టు చెప్పేవాడు. వచ్చినవాళ్ళు కాఫీ కూడా పూర్తిగా తాగకుండా లేచేవాళ్ళు. చివరికి కరెంటు సబ్‌స్టేషన్లో నైట్ డ్యూటీ చేసే ఆపరేటరు ఒకాయన ఒప్పుకున్నాడు. సంసారం బాగానే సాగుతోంది, ఇద్దరూ పగలు కనిపించుకుంటారు.

ఆవిడ పనిచేసేది ఉపేక్షిత వ్యాధుల పరిశోధనా సంస్థలో. ఉపేక్షిత వ్యాధులంటే ఎవరూ పట్టించుకోని జబ్బులని అర్థం. బయటి లోకం వాటిని ఊరికే పట్టించుకోదు. సంస్థ మాత్రం ఒక పద్ధతి ప్రకారం, ఫైళ్ళు పెట్టి, నంబర్లు వేసి మరీ పట్టించుకోదు.

సత్యవేణి పట్టించుకున్న ఊరు పెసరలంక. ఏటి మధ్య ఉంటుంది, పడవ మీద వెళ్ళాలి. కొబ్బరిపీచు తాళ్ళు పేనుకుని బతికేవాళ్ళు మూడొందల గడప. ఊరంతా ఏడాదికొకసారి, ఐదేళ్ళపాటు మాత్రలు మింగితే రక్తంలో పురుగు చస్తుంది, దోమకి మోసుకుపోవడానికి ఏమీ మిగలదు. ఇంతే వైద్యం. అయితే మాత్రల జాబితాలో జీపు వెళ్ళే ఊళ్ళే ఉన్నాయి, లంకకి జీపు వెళ్ళదు. ఆ ఊరిని జాబితాలోకి ఎక్కించడానికి ఆవిడకి ఎనిమిదేళ్ళు, ఏడు రిమైండర్లు పట్టాయి. ఎట్టకేలకి మాత్రలు చేరి రెండు విడతలు పూర్తయ్యాయి, మూడు మిగిలాయి. కిందటేడు రాత్రి సర్వేలో నలభై ఒక్కమంది రక్తంలో ఇంకా పురుగుంది. వాళ్ళ కాళ్ళు మాత్రం ఇంకా శుభ్రంగా ఉన్నాయి. ఆ మూడు విడతలూ పడితే అలాగే ఉంటాయి కూడా.

ఆ నలభై ఒక్కమందిలో మట్టపర్తి మంగతాయారు కూతురు విజయ ఒకతి. తాయారు ఎడమకాలు అప్పటికే మోకాలి దాకా కలప మొద్దులా అయిపోయింది. ఎనిమిదేళ్ళ రిమైండర్ల కాలంలో జరిగిన పని అది. కూతురు తాళ్ళ రాట్నం దగ్గర నిలబడ్డప్పుడల్లా ఆవిడ చూపు పిల్ల పాదాల మీదే ఉండేది. లంకకి వెళ్ళిన ప్రతిసారీ సత్యవేణి కళ్ళు కూడా ముందు అక్కడికే పోయేవి.

అలాంటి సమయంలో సంస్థలోకి వేలిముద్రల యంత్రం వచ్చింది.

పరిపాలనాధికారి ముక్కామల భుజంగరావు గారు సర్క్యులర్ జారీ చేశారు. సిబ్బంది యావన్మందీ ఉదయం పదింటికి, సాయంత్రం ఐదున్నరకి బొటనవేలు పెట్టవలెను. సదరు వేళల వెలుపల చేయబడు పని పనిగా పరిగణింపబడదు. రాత్రి విధులు ఇందుమూలముగా రద్దు చేయడమైనది. సత్యవేణి చదివి, తనకి వర్తించదనుకుని పక్కన పెట్టింది. వర్తిస్తుందని మెమో వచ్చింది. పురుగు రాత్రి పదింటికి గానీ రక్తంలోకి రాదని ఆవిడ వివరంగా రాసింది. దానికి వచ్చిన జవాబు ఆవిడ చాలాకాలం బీరువా తలుపుకి అంటించుకుంది. "సదరు క్రిములు తమ సంచార వేళలను కార్యాలయ వేళలకు అనుగుణముగా మార్చుకొనునట్లు తగు చర్యలు గైకొని, తీసుకున్న చర్యను పదిహేను దినములలో నివేదించవలెను."

ఆవిడకి ఒళ్ళు మండింది. మండినప్పుడు రాసే ఉత్తరాలు రాయకూడదని తెలిసీ రాసింది. పురుగుకి గడియారం లేదు, దానికి మనిషి నిద్రే గడియారం. మనిషి రోజూ పగలు పడుకుని రాత్రి మేలుకుంటే కొన్నాళ్ళకి పురుగు కూడా పగలే రక్తంలోకి వస్తుంది. కాబట్టి లంకలోని జనమంతా ఆఫీసు వేళల్లో నిద్రపోతే సంస్థ కోరిక నెరవేరగలదు. ఇందులో సైన్సు అంతా నిజమే. మిగతాది వెటకారం. ఆఫీసులో వెటకారానికి విడిగా ఫైలు లేదు కాబట్టి మొత్తం కలిపి ప్రతిపాదన కింద నమోదైంది.

పది రోజుల్లో మంజూరైంది. నిద్ర పదిహేను రోజులు కావాలని ఆవిడ రాస్తే పైవాళ్ళు ఒక్క పగలుకి కుదించారు. పెసరలంక బడి వరండాలో చాపలు పరిచారు. "క్రిమి సమయ సర్దుబాటు నిద్రా శిబిరం" అని బ్యానరు కట్టారు. తాళ్ళ పని మానుకుని పడుకోమంటే ఎవరికి కుదురుతుంది? ముప్ఫైమంది వచ్చారు, అందులోనూ సగంమంది భోజనం పెడతారని విని వచ్చినవాళ్ళు. భుజంగరావు గారు పంపిన ఇద్దరు గుమాస్తాలు నిద్ర హాజరు పట్టీ పట్టుకుని చాపల మధ్య తిరిగారు. కళ్ళు మూసుకున్నవాళ్ళని భుజం తట్టి లేపి, నిద్రపోయినట్టు సంతకం పెట్టించుకుని, మళ్ళీ పడుకోమన్నారు. విజయ మూడుసార్లు సంతకం పెట్టింది. నాలుగోసారి లేపేసరికి లేచి వెళ్ళిపోయి తాడు పేనుకుంది.

మధ్యాహ్నం మూడింటికి ల్యాబ్ టెక్నీషియన్ నేలపూడి ఏసుబాబు అందరి వేళ్ళూ పొడిచాడు. నెమ్మదస్తుడు, సత్యవేణి దగ్గర పన్నెండేళ్ళుగా ఉన్నాడు. మనిషి కొన్నాళ్ళు వరసగా పగలు పడుకుంటే తప్ప పురుగు మాట వినదని అతనికి తెలుసు. ఒక్క పూట కునుక్కి అది కదిలి వస్తుందా? స్లైడ్లన్నీ చూశారు. ఒక్క పురుగు కూడా లేదు. ఈ సున్నాకి అర్థం లేదని సత్యవేణి రిపోర్టులో పెద్ద పేరా రాసింది. కంప్యూటరు ఫలితం గడిలో అంకెలు తప్ప మరేమీ తీసుకోనంది. సున్నాని మాత్రం సంతోషంగా తీసుకుంది.

ఆ తర్వాత ఆవిడ ఊరుకోలేదు. సొంత సెలవు పెట్టి, ఏసుబాబుని వెంటబెట్టుకుని లంకకి వెళ్ళి, ఎప్పటిలాగే రాత్రి రక్తం తీసింది. ఎప్పటిలాగే నలభై ఒక్కమందిలో పురుగు కనిపించింది. ఆ స్లైడ్లు జతచేసి పంపితే తిరుగు టపాలో వచ్చాయి. కార్యాలయ వేళలు కాని సమయమున కనిపించిన క్రిములు పరిగణనలోనికి తీసుకొనబడవట.

డైరెక్టరు అవసరాల జనార్దనం గారు ఆవిడని పిలిపించారు. ఆయన పూర్వం డాక్టరే గానీ, ఎన్నో అంతర్జాతీయ సదస్సుల్లో కూర్చుని కూర్చుని ఇప్పుడు మాట్లాడితే సదస్సు జరుగుతున్నట్టే ఉంటుంది. కుర్చీ చూపించి, లడ్డూ తెప్పించారు.

"సత్యవేణి గారూ, పద్దెనిమిదేళ్ళలో మీరు ఈ సంస్థకి ఇచ్చిన మొదటి స్పష్టమైన అంకె ఇది. ఇన్నాళ్ళూ మీరు పద్నాలుగు శాతం, తొమ్మిదీ పాయింటు మూడు శాతం అంటూ తెచ్చేవారు. అవన్నీ చర్చకి దారి తీసే అంకెలు. సున్నాకి దశాంశాలుండవు. ప్రపంచ ఆరోగ్య రంగంలో ఇప్పుడు నడుస్తున్నదే సున్నా యుగం."

పగలు తీసిన రక్తమండీ అని ఆవిడ మొదలుపెట్టింది. శాస్త్రీయంగా నిద్రపుచ్చి తీసిన రక్తం, సంతకాలున్నాయి, దేశంలో ఇంత కట్టుదిట్టమైన సున్నా మరొకటి లేదు, అని ఆయన ముగించారు. మార్చి నెలాఖరుకి ప్రపంచ ధ్రువీకరణ బృందం వస్తుంది. జిల్లాని బోదకాలు లేని జిల్లాగా ప్రకటిస్తారు. ప్రకటించిన మర్నాటి నుంచి, జబ్బు లేదు కాబట్టి, మాత్రలు ఆగిపోతాయి.

సత్యవేణి ఆ లడ్డూ అలాగే చేత్తో పట్టుకుని బయటికొచ్చింది. మర్నాడు లంకకి వెళ్ళి తాయారుకి విషయం చెప్పింది. తాయారు తాడు పేనడం ఆపలేదు.

"మా ఊళ్ళో జబ్బు పోయిందని మాకెవరూ సెప్పలేదేంటండి?" అంది కాసేపటికి. తర్వాత కాలు కొంచెం ముందుకి జరిపి, "మరి దీనికి ఎవరు సెబుతారండి, పోయిందని?" అంది.

 ఇంకా నెలన్నర టైముంది తాయారక్కా, చూద్దాం అంది సత్యవేణి. ఏం చూస్తుందో ఆవిడకే తెలీదు. తిరుగు పడవలో కూర్చుని తన మీద తనే విసుక్కుంది. ఇంత చదువు చదివి ఒక పిల్లకి మూడు విడతల మాత్రలు ఇప్పించలేకపోతే ఈ ఉద్యోగం ఎందుకని ఏడుపొచ్చింది.

ఉత్సవం రోజు రానే వచ్చింది. సంస్థ ఆవరణలో సున్నా ఆకారంలో పూలదండ కట్టారు. మూడు దేశాల నుంచి ముగ్గురు పరిశీలకులు వచ్చారు. వాళ్ళకి పెద్ద ఒక పొడుగాటి తెల్లావిడ. నలభై ఏళ్ళు ఆఫ్రికాలో, ఆసియాలో పురుగులతో గడిపి వచ్చింది. ఉపన్యాసాలు సాగుతున్నంతసేపూ ఆవిడ చేతి గడియారం చూసుకోలేదు, చుట్టూ ఉన్న దోమల్ని చూసింది. జనార్దనం గారు నలభై నిమిషాలు మాట్లాడాక, మీరు పరీక్ష ఎలా చేస్తారో ఒకసారి చూపిస్తారా అని మర్యాదగా అడిగింది.

మధ్యాహ్నం రెండూ నలభై. ఎవరి వేలు పొడవాలన్న ప్రశ్న వచ్చింది. కెమెరాలు ఉండటంతో భుజంగరావు గారు ముందుకొచ్చారు. ఆయన్ని ఉత్సవం కోసం అప్పుడే గదిలోంచి తీసుకొచ్చారు, ముఖం మీద ఫైలు అట్ట తాలూకు గీత ఇంకా ఉంది. సంస్థ మీద తనకున్న విశ్వాసానికి గుర్తుగా తన రక్తాన్ని సమర్పిస్తున్నానని ఆయన ప్రకటించారు. ఏసుబాబు పొడిచాడు. చుక్క నీళ్ళలో కలిపి, గాజు పలక మీద వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి, దాన్ని వేదిక మీది పెద్ద తెరకి కలిపాడు.

తెర మీద ఒక పురుగు ఈదుకుంటూ వచ్చింది.

దారప్పోగులా మెలికలు తిరుగుతూ ఆ చివర నుంచి ఈ చివరకి వెళ్ళింది. దాని వెనక ఇంకోటి వచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. ముందే తీసి పెట్టుకున్న సినిమా అనుకుని జనార్దనం గారు మైకు అందుకుని, మిత్రులారా, మనం జయించిన శత్రువుని చివరిసారిగా దర్శించండి, అన్నారు. ఏసుబాబు లెక్కపెట్టి ఏడు అని సత్యవేణికి వేళ్ళతో చూపించాడు. ఆవిడ లేచి నిలబడింది. పద్దెనిమిదేళ్ళలో ఇంత వెలుతురులో ఆవిడ ఆ పురుగుని ఎప్పుడూ చూడలేదు.

తెల్లావిడ తెరని చూసింది, గోడ గడియారాన్ని చూసింది, చివరికి భుజంగరావు గారిని తేరిపార చూసింది.

"ఈయన రాత్రి డ్యూటీ చేస్తారా?" అని అడిగింది.

"మా సంస్థలో రాత్రి డ్యూటీ అనేదే లేదండి. ఈయనే రద్దు చేశారు," అన్నారు జనార్దనం గారు గర్వంగా.

అయితే పగలు రక్తంలో పురుగు ఎలా వచ్చిందో వారం రోజుల్లో రాతపూర్వకంగా వివరించమని చెప్పి ఆ ముగ్గురూ వెళ్ళిపోయారు.

వివరణ సంస్థలో అటెండరు దగ్గర్నుంచి అందరికీ తెలుసు. భుజంగరావు గారు తొమ్మిదేళ్ళుగా రోజూ పదకొండింటికి తలుపు దగ్గరగా వేసుకుని, నాలుగింటి దాకా కుర్చీలో నిద్రపోతారు. పగలు పడుకుంటారు కాబట్టి రాత్రి నిద్రపట్టదు, తెల్లారేదాకా ఫోన్లో సీరియళ్ళు చూస్తారు. రాత్రి నిద్రపట్టలేదు కాబట్టి పగలు పడుకుంటారు. ఇందులో ఏది ముందు మొదలైందో చెప్పడం కష్టం. ఏ దోమ ఎప్పుడు కుట్టిందో గానీ, ఆయన ఒంట్లో చేరిన పురుగు మాత్రం ఆయన సర్క్యులర్‌ని తు.చ. తప్పకుండా పాటిస్తోంది. పదింటికి వచ్చి సాయంత్రం వెళుతోంది.

అత్యవసర సమావేశం జరిగింది. సమస్య రెండు ముక్కల్లో ఉంది. పురుగు పాతదే అని ఒప్పుకుంటే ఆఫీసరు డ్యూటీలో నిద్రపోతున్నట్టు రాతలో పెట్టాలి. ఆఫీసరు నిద్రపోలేదంటే పురుగు పాతది కాదని చెప్పాలి. పరిపాలనాధికారి గదిలో కళ్ళు మూసుకోవడాన్ని ఫైళ్ళను మననం చేయడంగా భావించవచ్చునా అని ఒకాయన లేవదీశారు. మననానికి పురుగు బయటికి రాదని సత్యవేణి చెప్పింది. అందరూ జనార్దనం గారి వైపు చూశారు. ఆయన ముఖం నెమ్మదిగా వెలిగింది.

"అంటే ఇది కొత్త పురుగు," అన్నారాయన. "పగలు తిరిగే పురుగు. ప్రపంచంలో ఇక్కడే, మన సంస్థలోనే బయటపడింది."

అక్కడి నుంచి పని జోరందుకుంది. ఆ సాయంత్రానికే పురుగుకి శాస్త్రీయ నామం తయారైంది, చివర జనార్దనం గారి పేరు లాటిన్ తొడుక్కుని ఉంది. పాత జబ్బు సున్నా, కొత్త జబ్బు ఒకటి; రెండూ సంస్థ విజయాలే. ఐదేళ్ళ ప్రాజెక్టు రాసేశారు. కొత్త పురుగు ప్రపంచంలో ఒక్క మనిషిలోనే ఉంది కాబట్టి భుజంగరావు గారిని సజీవ జాతీయ నమూనాగా గుర్తించారు. గంట గంటకీ రక్తం తీయవలెను. పురుగుకి ఎట్టి హానీ కలగరాదు గనుక ఐదేళ్ళపాటు నమూనాకి మాత్రలు నిషేధం. పోల్చి చూడటానికి ఒక ఊరు కావాలి. సహజ స్థితి చెడకుండా అక్కడ కూడా మాత్రలు ఆపాలి. ఊరి పేరు దగ్గర పెసరలంక అని రాశారు.

కింద నిపుణుల సంతకం కావాలి. పురుగుల నిపుణురాలు సత్యవేణి ఒక్కతే. సంతకం పెడితే ప్రాజెక్టుకి ఆవిడే అధిపతి, పెద్ద గది, ఏడాదికి రెండు విదేశీ సదస్సులు అని జనార్దనం గారు కలం మూత తీసి మరీ అందించారు. ఆవిడకి ఆశ పుట్టలేదంటే అబద్ధం. పద్దెనిమిదేళ్ళలో ఆవిడ సంతకం కావాలని ఒక్కరూ అడగలేదు. కాగితం చేతిలోకి తీసుకుంది కూడా. పెసరలంక అన్న మాట దగ్గర చూపు ఆగిపోయింది.

"పురుగు పాతదేనండి," అంది కాగితం తిరిగిచ్చేస్తూ. "మనిషి పడుకున్నాడు."

జనార్దనం గారు నొచ్చుకున్నారు, కోప్పడలేదు. పక్క రాష్ట్రం నుంచి వేరే నిపుణుణ్ణి పిలిపిస్తామన్నారు. సోమవారానికి ఆయన వస్తాడు.

శుక్రవారం పదకొండింటికి భుజంగరావు గారు సత్యవేణి గదిలోకి వచ్చారు. ఆ వేళప్పుడు ఆయన్ని కళ్ళు తెరిచి ఉండగా చూడటం ఆవిడకి అదే మొదలు. రెండు రోజుల్లో ఆయన వేళ్ళు పదీ పొడిపించుకుని ఉన్నాయి. సర్క్యులర్ల భాష ఎక్కడో జారిపోయింది, మామూలు మనిషిలా మాట్లాడాడు. మాత్రలు షాపులో దొరుకుతాయట గదా మేడమ్, చాటుగా వేసేసుకోనా, అని అడిగాడు. వేసుకోవచ్చు, కానీ గంటగంటకీ రక్తం తీస్తున్నారు కదా, పురుగు తగ్గితే తెలిసిపోతుంది, జాతీయ నమూనాని పాడుచేశారని కేసు పెడతారు, అని ఆవిడ ఉన్నమాట చెప్పింది. అంతేకాదు, చుట్టూ జనం రక్తంలో అది ఉన్నంతకాలం ఆయన ఒక్కడూ మింగితే సరిపోదు. దోమ మళ్ళీ తెస్తుంది.

"మింగకపోతే ఏమవుతుందండి?"

ఆవిడ బీరువాలోంచి ఒక ఫైలు తీసి ఆయన ముందు పెట్టింది. ఏడు ఫొటోలు, ఏడూ ఒకే పాదం. మొదటి దాంట్లో మడమ దగ్గర కొంచెం నీరు పట్టినట్టుంది, వెండి పట్టీ ఉంది. మూడో ఫొటోలో పట్టీ లేదు. ఐదో దాంట్లో చీలమండ ఎక్కడుందో తెలీడం లేదు. ఏడోది ఆయన పూర్తిగా చూడలేదు.

"ఎవరిదండీ ఇది?"

"పెసరలంకలో మంగతాయారని ఒకావిడది. లంకకి మాత్రలు ఇప్పించమని మీకు రాసిన ప్రతి రిమైండరుకీ అప్పటి ఫొటో ఒకటి జతచేశాను."

"నాకా? పంపారా?"

"ఏడుసార్లు పంపానండి."

ఆయన ఫైలు మూసేశాడు. తర్వాత కాళ్ళు ఒకసారి కుర్చీ కిందికి లాక్కుని, తెల్లకాగితం ఒకటి ఇప్పించమన్నాడు. రాసేటప్పుడు మాత్రం పాత భాషే వచ్చింది, ఆయన చేతికి వేరేది రాదు. "నేను, ముక్కామల భుజంగరావు, గత తొమ్మిది సంవత్సరములుగా ప్రతి పనిదినమునందును ఉదయం పదకొండు గంటలు మొదలు సాయంత్రం నాలుగు గంటల వరకు కార్యాలయ కుర్చీయందు గాఢనిద్రలో ఉండువాడనని, నడుమ ఎన్నడూ మెలకువ వచ్చి ఎరుగనని, కావున నా రక్తమున కనుగొనబడిన క్రిమి సామాన్య క్రిమియేనని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." సాక్షుల సంతకాలు కావాలంటే సంస్థలో అరవై నాలుగుమంది పెట్టారు. ఆ సంస్థ చరిత్రలో ఒక కాగితం అన్ని బల్లలూ తిరిగి ఇరవై నిమిషాల్లో బయటికి రావడం అదొక్కసారే జరిగింది. ఏసుబాబు దాన్ని స్కాన్ చేసి, మధ్యాహ్నం భోజనంలోపే తెల్లావిడకి పంపేశాడు.

జవాబు ఆదివారమే వచ్చింది. పరిపాలనాధికారి నిద్ర సంతృప్తికరంగా రుజువైనందున పురుగు పాతదేననీ, పగటి సర్వే చెల్లదనీ, జిల్లాలో జబ్బు ఉన్నదనీ, మాత్రలు కొనసాగాలనీ నాలుగు వరుసలు. సోమవారం దిగిన నిపుణుడికి టిఫిను పెట్టించి పంపేశారు.

జనార్దనం గారు నెల రోజులు ముభావంగా ఉన్నారు. తర్వాత ఒక అంతర్జాతీయ సదస్సులో "ఆతిథేయి నిద్రకీ క్రిమి సంచారానికీ గల సంబంధంపై సంస్థ సాధించిన ప్రత్యక్ష నిరూపణ" అన్న అంశం మీద మాట్లాడి శాలువా కప్పించుకుని వచ్చారు. భుజంగరావు గారి మీద విచారణ జరిగింది. ఆయన రాత్రంతా మేలుకుని ఉండగల ఏకైక ఉద్యోగి అని తేలడంతో, రద్దు చేసిన రాత్రి సర్వేలను పునరుద్ధరించి, వాటి పర్యవేక్షణకి ఆయన్నే వేశారు. ఉత్తర్వులో దాన్ని శిక్ష అన్నారు.

మూడో విడత మాత్రల రోజున పెసరలంక బడి ముందు వరస కట్టారు. అన్నం తిని వచ్చి, అక్కడే, సిబ్బంది కళ్ళెదుట మింగాలి. ఇంటికి తీసుకెళ్ళి వేసుకుంటామంటే కుదరదు. విజయ మింగి, నోరు తెరిచి చూపించి, పని ఉందంటూ పరిగెత్తింది. సత్యవేణి ఆ పాదాలు రాట్నం దాకా వెళ్ళడం చూస్తూ నిలబడిపోయింది. ఆవిడకి నిజంగా సంతోషంగా ఉంది, ఆ సంతోషం ముఖం మీద దాచుకోవాలనిపించలేదు.

వరసలో భుజంగరావు గారు కూడా ఉన్నారు. రాత్రి సర్వే పర్యవేక్షణకి వచ్చినాయన ముందు తన మాత్రలు తను వేసుకుందామని నిలబడ్డారు. ఆయన ముందు తాయారు ఉంది. ఆ కాలితో నెమ్మదిగా నడుస్తోంది కాబట్టి వరస కూడా నెమ్మదిగా నడుస్తోంది. ఆయన ఆ కాలిని చూశారు, చూసి గుర్తుపట్టారు. కాసేపు అటూ ఇటూ చూసి, మొదట్లో ఎలా ఉండేదమ్మా, నొప్పి ఉండేదా, జ్వరం వచ్చేదా, అని అడిగారు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆయన ఒక రోగిని అడిగిన మొదటి ప్రశ్న అది. తాయారు అన్నీ ఓపిగ్గా చెప్పింది. చెప్పి, ఈయన వరసలో ఎందుకున్నాడని ఏసుబాబుని అడిగింది. ఈయన రక్తంలో కూడా ఉందమ్మా, ఈయనకి రాబట్టే మన మాత్రలు ఆగకుండా నిలబడ్డాయి, అన్నాడు ఏసుబాబు.

తాయారు భుజంగరావు గారి వైపు తిరిగి, తన వంతు మాత్రలు చేతిలో పట్టుకుని, ఆయన్ని జాలిగానే చూసింది.

"ఇంకో పదేళ్ళు ముందు వచ్చుంటే బాగుండేదండి మీకు," అంది. "నా కాలు దక్కేది."